చివర టి వినిపిస్తుంటే ఇడి ఎందుకు?

ఇంగ్లీషు పాఠాలు చెప్పడం మొదలుపెట్టిన కొత్తలో నా చేతిలో ఎర్రపెన్ను ఆగేది కాదు. కనిపించిన తప్పునల్లా దిద్దేసేదాన్ని. వారం తిరిగేసరికి అవే తప్పులు, పైగా రాయడమంటేనే టెన్షన్.

ఒకామె 'వాక్డ్' అనే మాటను చివర ఇడి, అంటే ఇ, డి అక్షరాలు, లేకుండా 'డబ్ల్యూ ఎ ఎల్ కె టి' అని రాసింది. కొట్టేశాను. "మేడమ్, చివర టి అనే కదా వినిపిస్తోంది?" అంది. ఆమె చెప్పింది నిజం. ఆ మాట పలికితే చివర వచ్చేది 'ట్' శబ్దమే. తెలుగులో పలికినదే రాస్తాం కాబట్టి ఆమె చెవిని నమ్ముకుంది. నేనే చెవిమీద గీత కొట్టాను.

మర్నాడు అందరినీ గొంతు మీద వేళ్లు పెట్టుకోమన్నాను. 'వాక్' చివర క్ దగ్గర గొంతు అదరదు, అందుకని ఇడిని 'ట్' అంటాం. 'ప్లే' అంటే అదురుతుంది, అక్కడ 'డ్'. 'వాంట్' లాగా చివర ట్ గానీ డ్ గానీ ఉంటే 'ఇడ్'. పలుకు మూడు రకాలు, రాత మాత్రం ఒకటే. ఎందుకంటే ఆ రెండక్షరాలు శబ్దాన్ని కాదు, పని అయిపోయిందన్న సంగతిని చెబుతున్నాయి. స్పెల్లింగూ గ్రామరూ వేర్వేరు పీరియడ్లలో చెప్పడం ఆ రోజుతో మానేశాను.

తర్వాత ఇంకో తంటా. అందరూ 'డిడ్ నాట్ వాక్డ్' అని రాయడం మొదలుపెట్టారు! సూత్రం చెప్పి చూశాను, ఎక్కలేదు. చివరికి చిన్న చీటీ మీద ఇడి అని రాసి, 'వాక్' అనే అట్ట పట్టుకున్నతని చేతిలో పెట్టాను. 'డిడ్' అట్ట పట్టుకున్నావిడ వచ్చి ఆ చీటీ లాక్కుంటుంది. భూతకాలం ఒకరి దగ్గరే ఉండాలి. నవ్వుకుంటూ నాలుగుసార్లు ఆడారు. ఆ తర్వాత ఎవరైనా పొరబడితే పక్కవాళ్లే "చీటీ ఇచ్చెయ్" అనేవాళ్లు.

దిద్దడం కూడా మారింది. ఆ వారం చెప్పిన అంశంలో తప్పులకే గీత, మిగతావి నా నోట్సులోకి. అన్నీ వదిలేస్తున్నానేమోనని మొదట్లో గిల్టీగానే ఉండేది.

నెల తర్వాత అదే ఆవిడ పుస్తకం తెచ్చి 'స్లెప్ట్' మీద వేలు పెట్టింది. "ఇక్కడ నిజంగానే టి రాశారేంటి మేడమ్?"

'స్లీప్, స్లెప్ట్', 'కీప్, కెప్ట్', 'ఫీల్, ఫెల్ట్' అని బోర్డు మీద రాసి, వీటిలో ఇంకేం మారిందో చూడమన్నాను. పెదాలు కదుపుతూ రెండుసార్లు చదువుకుంది. "లోపలి అచ్చు" అంది.