డ్రైవ్‌తో (మోటారు వేగం మార్చే ఇన్వర్టర్, వీఎఫ్‌డీ) నడిచే మోటారులో మొదటి చుట్లే ఎందుకు కాలతాయి?

ఓవర్‌లోడ్‌తో పోయిన మోటారు విప్పితే వైండింగ్ అంతా నల్లగా ఉంటుంది. అలా కాకుండా, లీడ్ వైపు (కేబుల్ వచ్చి కలిసే వైపు) కాయిల్‌లో రెండు మూడు చుట్లే కరిగి అతుక్కుని, మిగతాదంతా కొత్తదానిలా ఉంటే ముందు డ్రైవ్ నుంచి మోటారుకు వెళ్లే కేబుల్ పొడవు కొలవండి.

415 వోల్టుల సప్లైని డ్రైవ్ సుమారు 587 వోల్టుల డీసీగా మార్చి, ఐజీబీటీలతో (వేగంగా ఆన్-ఆఫ్ అయ్యే ఎలక్ట్రానిక్ స్విచ్‌లు) పల్సులుగా కోసి పంపుతుంది. ఒక్కో పల్స్ 0.1 మైక్రోసెకనులో పైకి లేస్తుంది. కేబుల్‌లో మైక్రోసెకనుకు 150 మీటర్ల చొప్పున పోయి, ఇంపిడెన్స్ (కరెంటుకు అడ్డు) కేబుల్ కంటే బాగా ఎక్కువున్న మోటారు దగ్గర వెనక్కి మళ్లుతుంది. వచ్చేదీ మళ్లేదీ కలిస్తే టెర్మినల్ మీద దాదాపు 1,170 వోల్టులు. దీనికి 7.5 మీటర్ల కేబుల్ చాలు (0.1 × 150 ÷ 2). పల్స్ 0.4 మైక్రోసెకనులో లేస్తే 30 మీటర్లు కావాలి.

ఆ దెబ్బలో ఎక్కువ భాగం మొదటి చుట్ల మీదే పడుతుంది. చేత్తో చుట్టిన కాయిల్‌లో మొదటి చుట్టు పక్కనే ఆఖరి చుట్టు పడితే ఇక చెప్పక్కర్లేదు.

నీమా ఎంజీ-1 (అమెరికా మోటారు ప్రమాణం) పార్ట్ 31 ప్రకారం ఇన్వర్టర్ డ్యూటీ మోటారు, అంటే డ్రైవ్ కోసమే చేసినది, రేటెడ్ వోల్టేజికి 3.1 రెట్లు, అంటే 1,287 వోల్టుల పీక్ తట్టుకోవాలి. సరిపోయేలానే ఉంది. కానీ బరువైన ఫ్యాన్‌ను గబుక్కున ఆపితే దాని శక్తి డ్రైవ్‌లోకి తిరిగొచ్చి డీసీ బస్ (డ్రైవ్ లోపలి డీసీ వోల్టేజి) 750కి ఎక్కుతుంది, టెర్మినల్ పీక్ 1,500కి. డిసెలరేషన్ టైమ్ (ఆగడానికి డ్రైవ్‌లో పెట్టే సమయం) పెంచడానికి ఖర్చేమీ లేదు, ముందు అది చేయండి.

మల్టీమీటర్‌కు ఈ పీక్ కనపడదు. స్కోప్, హై వోల్టేజి డిఫరెన్షియల్ ప్రోబ్ ఉండాలి. మెగ్గర్ (ఇన్సులేషన్ కొలిచే మీటరు) ఎర్త్‌కు ఇన్సులేషన్ బాగుందనే చూపిస్తుంది, చుట్ల మధ్య లోపం సర్జ్ టెస్ట్‌లోనే (కాయిల్‌కు హై వోల్టేజి పల్సులు ఇచ్చి చూసే పరీక్ష) బయటపడుతుంది. మెగ్గర్ పెట్టేముందు డ్రైవ్ వైర్లు విప్పాలి, లేదంటే ఐజీబీటీలు పోతాయి.

కేబుల్ కొన్ని పదుల మీటర్లయితే డ్రైవ్ అవుట్‌పుట్‌లో చోక్ (కాయిల్), ఇంకా పొడవైతే డీవీ/డీటీ ఫిల్టర్ (పల్స్ లేచే వేగాన్ని తగ్గించేది). 200 మీటర్ల లోతు బోరులో సబ్‌మెర్సిబుల్‌కు సైన్ ఫిల్టర్ (పల్సులను నునుపైన ఏసీ తరంగంగా మార్చేది) తప్ప వేరేది నేను పెట్టమనను. ఒక్కసారి పైపులు పైకి లాగే ఖర్చు లెక్కేస్తే దాని ధర పెద్దదనిపించదు. అది పెట్టాక క్యారియర్ ఫ్రీక్వెన్సీ (డ్రైవ్ పల్సులు కోసే వేగం) దాని ప్లేట్ మీదున్న కనీస విలువకు తగ్గకూడదు, తగ్గితే ఫిల్టరే వేడెక్కి కాలుతుంది. ఏది పెట్టినా డ్రైవ్ పక్కనే పెట్టాలి. పవర్ ఫ్యాక్టర్ కెపాసిటర్ మాత్రం అవుట్‌పుట్ వైపు ఎప్పుడూ కట్టొద్దు.

రీవైండింగ్‌కు ఇచ్చేటప్పుడు ఇన్వర్టర్ గ్రేడ్ ఎనామెల్ వైరు, ఫేజుల మధ్య పేపరు, రెండుసార్లు వార్నిష్ అని బిల్లు మీదే రాయించండి.