మూడో నంబరు కెమెరా

ఆగస్టు, గురువారం రాత్రి

పొద్దున ఆరు కాకముందే ఫోను. మొగల్తూరు దిగువన, సముద్రం వైపు రొయ్యల చెరువులున్న రైతు. "మూడో నంబరు కెమెరా రాత్రంతా లేదండీ. తెల్లారేసరికి దానంతటదే వచ్చేసింది. ఇది నాలుగో రాత్రి" అన్నారు. కోప్పడినా బాగుండేది. గొంతు బాగా అలిసిపోయి ఉంది.

చెరువు గట్టు మీద కెమెరా అంటే దొంగల కోసమే అనుకుంటారు చాలామంది. మోటార్లూ, రాగి కేబుళ్లూ పోతుంటాయి, నిజమే. కానీ ఈయన రాత్రి రెండింటికీ మూడింటికీ ఫోను తెరిచి చూసేది ఏరియేటర్ల (నీళ్లు చిలికి గాలి కలిపే యంత్రాలు) చక్రాలు తిరుగుతున్నాయా లేదా అని. చీకటి పడ్డాక నీళ్లలోని నాచు ఆక్సిజన్ ఇవ్వదు, పైగా తనూ పీల్చుకుంటుంది. తెల్లవారుజాముకి డీవో, అంటే నీళ్లలో కరిగి ఉన్న ఆక్సిజన్, బాగా పడిపోతుంది. ఆ వేళప్పుడు కరెంటు పోయి జనరేటర్ అందుకోకపోతే రొయ్య పైకి తేలుతుంది. ఇక అక్కడి నుంచి ఎంతో సేపు పట్టదు, నెలల తరబడి వేసిన మేతంతా నీళ్లపాలే. అందుకే తెర మీద మూడో గడి నల్లగా కనిపిస్తే ఆయన వానలో బండి తీసి గట్టు మీదికి వస్తున్నారు. నాలుగు రాత్రులుగా.

పగలు పనిచేసి రాత్రి పోతోంది అనగానే సగం విషయం ఫోన్లోనే అర్థమైంది. చీకట్లో కెమెరా చూడటానికి దాని ఐఆర్ (కంటికి కనపడని ఇన్‌ఫ్రారెడ్) లైట్లు వెలుగుతాయి, కెమెరా ఎక్కువ కరెంటు లాగుతుంది. లైనులో ఎక్కడైనా జాయింటు చెడితే అది పగలు బయటపడదు, ఆ బరువు మీద పడ్డప్పుడే చేతులెత్తేస్తుంది. కుర్రాణ్ని వెనక ఎక్కించుకుని భీమవరం నుంచి బయల్దేరాను. దారంతా సన్నటి జల్లు.

మకాం దగ్గర కాపలా బాబాయ్ నిచ్చెన పట్టుకుని సిద్ధంగా ఉన్నాడు. "ఆయ్, పొద్దున్నించీ బాగానే ఉంది బాబూ" అన్నాడు. కెమెరా మీద ఆయన తువ్వాలు కప్పాను. లోపల పగటి నుంచి రాత్రికి మార్చే ఫిల్టరు టక్కుమని మారింది, కాసేపటికి కెమెరా ఆరిపోయింది. ఆరాక మళ్లీ లేచింది, ఐఆర్ వెలగ్గానే మళ్లీ పడిపోయింది. రాత్రంతా ఇదే జరుగుతోందన్నమాట.

కింద జంక్షన్ బాక్సు మూత తీశాను. చారెడు నీళ్లు నా మోచేతి మీదుగా కారాయి. లోపల చీమలు, ఎండకి కరిగి బంకలా సాగుతున్న నల్ల టేపు, అది ఊడదీస్తే కెమెరాకి కరెంటిచ్చే డీసీ పిన్ మీద పచ్చటి చిలుము. మకాంలో కెమెరాలకి కరెంటు పంపే ఎస్‌ఎంపీఎస్ డబ్బా దగ్గర 12.3 వోల్టులు చూసి వచ్చాను. ఐఆర్ వెలిగినప్పుడు మీటరు మొన ప్లస్ తీగకి తాకిస్తే 11.4, గోరంత దూరంలో అదే తీగని బిగించిన స్క్రూకి తాకిస్తే 8.9. మకాం నుంచి 60 మీటర్లు వచ్చిన కేబుల్ ఒక వోల్టుకి లోపు తింటే, ఈ పచ్చటి పొడి ఒక్కటే రెండున్నర వోల్టులు తినేసింది. ప్లస్ స్క్రూ సగం అరిగిపోయింది, దాని పక్కనే మైనస్ స్క్రూ ఇంకా మెరుస్తోంది. ఉప్పుతేమలో డీసీ కరెంటు అలా నిలిచి ఉంటే ప్లస్ వైపు లోహమే ముందు కరిగిపోతుంది. ఈ గాలిలో ఉప్పు, ఏరియేటర్లు ఎగజిమ్మే తుంపరలో ఉప్పు. కరగక ఏం చేస్తుంది.

ఆ పెట్టె బిగించింది నేనే. రెండేళ్ల కిందట, మే నెల ఎండలో. కేబుల్ పైనుంచి దింపి, పెట్టె నెత్తిన కన్నం పెట్టి లోపలికి తోశాను. చుట్టూ సిలికాన్ కొట్టి, కింద కూడా ఎక్కడా సందు లేకుండా మూసేశాను. అప్పుడు అదే గట్టి పని అనుకున్నాను. సిలికాన్ ఎండకి పగిలింది, వాన నీళ్లు కేబుల్ పట్టుకుని తిన్నగా లోపలికి దిగాయి, బయటికి పోయే దారి నేనే మూసేశాను. నాలుగు రాత్రులు ఒక మనిషికి నిద్ర లేకుండా చేసింది ఆ పై కన్నం. నిచ్చెన మీద నిలబడి అది చూస్తుంటే చాలా బాధేసింది.

రైతు కూడా వచ్చారు. "వాటర్‌ప్రూఫ్ అన్నారు కదండీ, ఐపీ67 అని రాసుంది" అని అడిగారు. న్యాయమైన ప్రశ్న. 67 అంటే మీటరు లోతు నీళ్లలో అరగంట ఉంచినా లోపలికి తడి రాకూడదు, కానీ ఆ మాట కెమెరా ఒంటికి. దాని తోకన వేలాడే పిన్నులకి కాదు, వాటిని కాపాడాల్సింది బిగించినవాడు. ఆయనకి ఇంత మాటా దాచకుండా చెప్పాను.

"అన్నా, కొత్త పిన్ వేసి సిలికాన్ కొట్టేద్దామా?" అన్నాడు కుర్రాడు. ముందు కేబుల్ కొయ్యమన్నాను. జానెడు కోస్తే లోపలి సన్న తీగల జాలీ నల్లగా ఉంది. ఇంకో జానెడు, ఇంకా నలుపే. దీపం వత్తి నూనె పీల్చినట్టు ఆ జాలీ నీళ్లని లోలోపలికి లాక్కుంటూ పోతుంది. మూరన్నర కోశాక గానీ ఎర్రటి రాగి కనిపించలేదు. స్తంభం దగ్గర రెండు చుట్లు మిగులు కేబుల్ వదిలి ఉండబట్టి సరిపోయింది.

ఈసారి స్క్రూ పిన్ తీసేసి తీగలు సోల్డర్ చేశాం. లోపల జిగురుండే హీట్ ష్రింక్ (వేడికి బిగుసుకునే గొట్టం) తొడిగి వేడి చేస్తే, రెండు చివర్లా జిగురు బయటికి ఉబికింది. అలా ఉబికితేనే లోపల నిండినట్టు. బొమ్మని మోసే తీగకి వేసిన కొత్త బీఎన్‌సీ పిన్‌కి కాస్త సిలికాన్ గ్రీజు, దాని మీద సెల్ఫ్ ఫ్యూజింగ్ రబ్బరు టేపు. దీనికి బంక ఉండదు, రెండింతలు సాగదీసి చుడితే కాసేపటికి తనలో తనే అతుక్కుని ఒకే ముద్దవుతుంది. కుర్రాడు పైనుంచి మొదలెట్టాడు. ఆపి, కింది నుంచి పైకి చుట్టమన్నాను, ప్రతి చుట్టూ కింది చుట్టుని సగం కప్పేలా. పెంకుటిల్లు నేసేటప్పుడు చూరు నుంచి పైకి నేసుకుంటూ పోరూ? అలాగ. చివర్లో ఎండ తగలకుండా మామూలు నల్ల టేపు.

పెట్టె కూడా మార్చాం. కన్నాలన్నీ అడుగునే, వాటికి కేబుల్ చుట్టూ బిగుసుకునే గ్లాండులు. కేబుల్ పెట్టె కన్నా కిందికి దిగి, ఉయ్యాలలా వంపు తిరిగి పైకి ఎక్కుతుంది. వాన నీళ్లు ఆ వంపు దగ్గర చుక్క కట్టి రాలిపోవాలి. అడుగున ఒక మూల సూది కన్నం వదిలాం, లోపల చెమట పట్టినా కారిపోవడానికి. వెనిగర్ వాసన వేసే సిలికాన్ ఇక కొనను. ఆరేటప్పుడు వచ్చే ఆ ఆమ్లం రాగిని తింటుంది.

తువ్వాలు మళ్లీ కప్పాం. టక్కుమంది. అరగంట ఉంచాం, ఆరలేదు. డబ్బులివ్వబోతే తీసుకోలేదు. ఆయనా బలవంతం చేయలేదు.

ఇప్పుడు తొమ్మిదిన్నర. బయట వాన దంచుతోంది. పాత బిల్లు పుస్తకం ముందేసుకున్నాను. ఆ ఏడాది వేసవిలో అదే పద్ధతిలో బిగించిన చోట్లు పదకొండు. రెండు రైసు మిల్లులు, ఒక ఐసు ఫ్యాక్టరీ, మిగతావన్నీ చెరువులే. ఇంకా ఎవరూ ఫోను చేయలేదు. పేర్లన్నీ ఒక కాగితం మీద రాశాను, సముద్రానికి దగ్గరున్నవి పైన. రబ్బరు టేపు నాలుగు చుట్టలే ఉంది, రేపు షాపు తెరవగానే ఇంకో పది తెచ్చుకోవాలి.