మ్యూజికల్ ఆడిషన్ కోసం డ్యాన్స్ క్లాసు వెతుక్కున్న నా అనుభవం

న్యూజెర్సీలో మా కమ్యూనిటీ థియేటర్ వాళ్లు వేయబోయే మ్యూజికల్‌లో, అంటే పాటలూ డ్యాన్సులతో నడిచే నాటకంలో, నాకు చోటు దొరికిందని నిన్న రాత్రే ఈమెయిల్ వచ్చింది. ప్రధాన పాత్ర కాదు, ఎన్సెంబుల్‌లో (గుంపుగా పాడి ఆడే బృందంలో) అయినా నాకు చాలా సంతోషంగా ఉంది. పగలు ఉద్యోగాలు చేసుకునేవాళ్లు సాయంత్రాలు రిహార్సల్స్ చేసి, జీతం లేకుండా వేసే ప్రదర్శన ఇది. ఆడిషన్లో పాట గురించి నాకు టెన్షన్ లేదు. పియానో వాయించే ఆయనకు పాట నోట్స్ కాగితాలు ఇచ్చి, 32 బార్లు, అంటే పాటలో ఒక చిన్న ముక్క, పాడి వచ్చేశాను. కష్టమంతా డ్యాన్స్ క్లాసు దగ్గరే వచ్చింది.

నేను చిన్నప్పటి నుంచి కూచిపూడి నేర్చుకున్నదాన్ని. మన కలాపాల్లో ఆటా పాటా మాటా అన్నీ ఉంటాయి. కాబట్టి స్టేజీ నాకు కొత్త కాదు, జాజ్ ఒక్కటే కొత్త.

ఇంటికి దగ్గర్లో ఉన్న ఒక స్టూడియోకి ఫోన్ చేసి, మ్యూజికల్ ఆడిషన్ కోసమని స్పష్టంగా చెప్పాను. పెద్దవాళ్ల బిగినర్ జాజ్‌లో చేరమన్నారు. అది జనవరి. ఆ క్లాసు సెప్టెంబర్‌లోనే మొదలైందనీ, జూన్‌లో జరిగే రిసైటల్ (స్టూడియో విద్యార్థుల ప్రదర్శన) కోసం ఒకే డ్యాన్సును అరగదీస్తున్నారనీ డబ్బు కట్టేదాకా ఎవరూ చెప్పలేదు. కాస్ట్యూమ్ ఫీజు కూడా వసూలు చేశారు.

మొదటి రోజే వెనక వరుసలో నిలబెట్టి, పక్కవాళ్లను చూసి చేయమంది టీచర్. ఒక అడుగు దగ్గర నా కుడిచెయ్యి అలవాటుగా పతాక హస్తం పట్టింది. ఆవిడ పాట ఆపేసి, ‘ఆ ఇండియన్ చేతులు ఇక్కడ వద్దు’ అంది. అద్దంలో అందరి కళ్లూ నా మీదే. వేళ్లు వదులు చేసి మోచెయ్యి కాస్త దించమంటే సరిపోయేది కదా! మా గురువుగారు తట్టుకర్ర పట్టుకుంటే మేం వణికేవాళ్లం, కానీ ఏ కాలు ఎక్కడ పడాలో చూపించకుండా ఎవరినీ ఒక్క మాట అనలేదు. నేర్పడానికి ఓపిక లేనివాళ్లు ఫీజు తీసుకోకూడదు.

డబ్బు వెనక్కి ఇవ్వమని అడిగితే, కౌంటర్ దగ్గరున్న అమ్మాయి నన్ను ఎగాదిగా చూసి, ‘శనివారం బాలీవుడ్ క్లాసు ఉంది, మీకు అదైతే బాగుంటుంది’ అంది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

తర్వాత రైలెక్కి మన్‌హాటన్ వెళ్లాను. 45వ వీధిలో బ్రాడ్‌వే డ్యాన్స్ సెంటర్ ఉంది. ఏడాది మొత్తానికి చేరక్కర్లేదు, ఏ క్లాసుకు వెళ్తే దానికే కట్టొచ్చు. నేను వెళ్లిన థియేటర్ డ్యాన్స్ క్లాసుల్లో ఎప్పటికప్పుడు కొత్త కాంబినేషన్ (కొన్ని అడుగుల వరస) నేర్పి, చివర్లో చిన్న గుంపులుగా చేయించారు. ఆడిషన్లో డ్యాన్స్ చేయించి చూసే భాగం, డ్యాన్స్ కాల్, అచ్చం అలాగే జరిగింది. కొరియోగ్రాఫర్ చూపించిన కాసిని ఎయిట్-కౌంట్లు (ఎనిమిదేసి లెక్కల అడుగులు) అప్పటికప్పుడు పట్టుకుని, నలుగురితో కలిసి చేయాలి. మీరు ఏ క్లాసులో చేరినా ముందు ఇదొక్కటి అడగండి: ప్రతిసారీ కొత్తది నేర్పుతారా, రిసైటల్‌కి ఒకటే డ్యాన్సా? రిసైటల్ అంటే వద్దు.

ఎనిమిది లెక్కపెట్టడం మనకు కష్టం కాదు, ఆదితాళానికీ ఎనిమిదే. ‘ఫైవ్ అండ్ సిక్స్’ అంటూ మధ్యలో పడే అడుగు దగ్గరే చిక్కు. పైగా అరమండిలో బరువు కిందకి దించి మడమతో తట్టడం మన అలవాటు, కిక్ బాల్ చేంజ్ అనే జాజ్ అడుగులో బరువంతా పాదం ముందు భాగం మీద ఉండాలి. అడుగుల పేర్లు తెలియడానికి బిగినర్ బ్యాలే కొన్ని వారాలు చాలు. పా ద బురే లాంటి అడుగు పేరు అనగానే కాళ్లు కదలాలి. ఆడిషన్ ప్రకటనలో ట్యాప్ (బూట్ల కింది లోహపు రేకులతో చప్పుడు చేస్తూ ఆడే డ్యాన్స్) అడగకపోతే ట్యాప్ షూస్ కొనకండి, ఎవరు ఎంత చెప్పినా సరే. జాజ్ షూస్ మాత్రం కొనండి. స్నీకర్లతో గిర్రున తిరిగితే అడుగు నేలకు పట్టేసి మోకాలు మెలిపడుతుంది.

ఆడిషన్లో కొరియోగ్రాఫర్ నన్ను ముందు వరుసలోకి రమ్మని, ‘ఆ ముఖంలో కథ కనిపిస్తోంది, మిగతావాళ్లు కూడా చూడండి’ అన్నారు. అది అభినయం, మా గురువుగారు పెట్టిన భిక్ష.

వచ్చే వారం నుంచే రిహార్సల్స్. ఆ స్టూడియో కాస్ట్యూమ్ ఫీజు ఇంకా తిరిగి ఇవ్వలేదు, క్రెడిట్ కార్డు వాళ్లకు ఫిర్యాదు పెట్టాను.