రెక్కలు, కొంగు

ఆదివారం రాత్రి.

ఉదయం ఆరాధన ముగించుకొని రాంనగర్‌లోని ఇంటికి చేరి, భోజనాలయ్యాక, సాయంత్రం స్త్రీల మైత్రి కూడికలో నేను మాట్లాడవలసిన, బైబిలులోని రూతు గ్రంథాన్ని మళ్లీ ఆసాంతం చదివాను. ఉన్నవి నాలుగే అధ్యాయాలు, 85 వచనాలు. ఇన్నేళ్లుగా దీనిని అత్తాకోడళ్ల అనురాగ కథగానే చెబుతూ వచ్చిన నాకు, ఈరోజు బోయజు, రూతుల ప్రేమను దాటి ముందుకు పోవాలనిపించలేదు.

అతడు బేత్లెహేములో ఆస్తిపరుడు, రూతు మామకు బంధువు. ఆమె అత్తను పోషించడానికి యవల చేలో కోత కోసేవారి వెనుక పరిగె ఏరుకొంటున్న, పరదేశమైన మోయాబునుండి వచ్చిన విధవరాలు. రాలిన కంకులను బీదలకూ పరదేశులకూ విడిచిపెట్టాలని లేవీయకాండం ఆజ్ఞాపించింది కనుక ఆమెకు ఆ పొలంలో చోటు దొరికింది. కానీ బోయజు ఆజ్ఞతో ఆగలేదు. ఆమెను తన కూలివారి సరసన భోజనానికి కూర్చోబెట్టి పేలాలు అందించాడు, ఆమె మళ్లీ ఏరుకోవడానికి లేచాక, పనలలోనుండి కొన్ని పరకలను కావాలనే లాగి పడవేయమనీ, ఆమెను గద్దించవద్దనీ పనివారికి చెప్పాడు. సాయంత్రానికి ఆమె దుళ్లగొట్టుకొన్న ఆ తూమెడు యవలు దానంలా కాక, కష్టార్జితంలా ఆమె ఒడిలోకి చేరాయి. మత్తయి సువార్త ప్రకారం బోయజు తల్లి యెరికోకు చెందిన రాహాబు. పరాయి ఊరినుండి వచ్చి కలిసిన స్త్రీ కడుపున పుట్టినందువల్లనే అతనికి ఆ మెలకువ అబ్బిందని నా నమ్మకం.

నన్ను మరీ కదిలించినది వేరొకటి. పొలంలో అతడు, ఇశ్రాయేలు దేవుని రెక్కల క్రింద ఆశ్రయం కోరి వచ్చిన నీకు ఆయనే ప్రతిఫలమివ్వాలని ఆమెను దీవించాడు. తరువాత ఒక అర్ధరాత్రి కళ్లంలో ఆమె, నీ కొంగు నామీద కప్పుమని, అంటే తనను పెండ్లాడమని, అతనినే అడిగింది. హీబ్రూలో రెక్కకూ వస్త్రపు అంచుకూ 'కానాఫ్' అన్న మాట ఒక్కటే. అతడు దేవునికి అప్పగించిన దీవెనను ఆమె అతని చేతిలోనే పెట్టింది! ఏం చేయాలో అతడే చెబుతాడని అత్త నయోమి చెప్పి పంపింది గాని, ఈ మాట అడగమని నేర్పలేదు. అది రూతు సొంత మాట. ఆమెను పెండ్లాడే హక్కు ముందుగా ఉన్న, తనకంటే దగ్గరి బంధువు ఒకడున్నాడు కనుక బోయజు తొందరపడక, తెల్లవారాక ఊరి గవిని దగ్గర పదిమంది పెద్దల ఎదుట ఆ సంగతి తేల్చుకొన్న తరువాతనే ఆమెను పెండ్లాడాడు.

మెదక్ దగ్గరి పల్లెలో పుట్టి పెరిగిన మా అమ్మను పరిగె గురించి అడిగాను. చేటలో కందిపప్పు ఏరుతున్న ఆమె తల ఎత్తకుండానే, "పరిగేరబోతే తలకాయ పైకి లేపకపోతుంటిమి బిడ్డా, పటేలు ఏమంటడో అని. ఒడి నిండినా గుండె దడదడే," అన్నది. బోయజు పనివారికి చెప్పిన మాటలు చదివి వినిపించాను. కాసేపు చేటను అలాగే పట్టుకొని కూర్చొని, "మా ఊళ్లె గసొంటోడు ఒక్కడు లేకపాయె," అన్నది.

కూడికలో కానాఫ్ గురించి చెప్పి, మిగిలిన సమయం అమ్మకు ఇచ్చాను. ఆమె మొదలుపెట్టగానే వరి పరిగె, పల్లికాయ పరిగె అంటూ ఒక్కొక్కరే తమ ఊళ్లను తలచుకోసాగారు. ఎనిమిదింటికి ముగియవలసిన కూడిక తొమ్మిదిన్నర దాటినా ఎవరూ లేవలేదు.