ఈఎం0 తో మూడో ఆదివారం

శనివారం రాత్రి బ్యాకప్ నడిచిన నాలుగు గంటల్లో, నా సర్వరు నెట్‌వర్క్ కార్డు (సిస్టమ్ దానికి పెట్టిన పేరు ఈఎం0) లింక్ పడిపోయిందని చెప్పే ‘లింక్ స్టేట్ చేంజ్డ్ టు డౌన్’ అన్న వరుస, సిస్టమ్ సందేశాల చిట్టా అయిన డీమెస్గ్‌లో 37 సార్లు పడింది. ప్రతిసారీ మూడు నాలుగు సెకన్లలో లింక్ తిరిగి లేస్తుంది కానీ, నెట్‌వర్క్ మీదుగా ఫైళ్ళను అందించే ఎన్ఎఫ్ఎస్ కోలుకోవడానికి మాత్రం చాలా సేపు పడుతుంది. కొత్త గిగాబిట్ స్విచ్చునూ, ఇంటెల్ 82574ఎల్ చిప్ ఉన్న కార్డునూ ఒకే రోజున పెట్టాను కనుక అనుమానమంతా కార్డు మీదికే పోయింది. అంతకు ముందు 100 మెగాబిట్ల పాత స్విచ్చుతో ఇదే సర్వరు రెండేళ్ళు నోరెత్తకుండా నడిచిందన్న విషయాన్ని నేను కార్డుకు వ్యతిరేకంగా సాక్ష్యమనుకున్నాను.

మొదటి ఆదివారం సర్వరు ఆపరేటింగ్ సిస్టమ్ ఫ్రీబీఎస్‌డీ 14లో ఇఫ్‌కాన్ఫిగ్ ఆదేశంతో టీఎస్ఓ, ఎల్ఆర్ఓ, చెక్‌సమ్ ఆఫ్‌లోడ్‌లను (ప్యాకెట్ల పనిలో ప్రాసెసరు భారం తగ్గించే సెట్టింగులు) ఒక్కొక్కటిగా ఆపి చూశాను, బయోస్‌లో పీసీఐ ఎక్స్‌ప్రెస్ విద్యుత్ పొదుపును తీసేశాను, కార్డును పక్క స్లాటులోకి మార్చాను. నెట్‌వర్క్ వేగాన్ని కొలిచే ఐపెర్ఫ్3 అంకెలు 210కీ 640 మెగాబిట్లకూ మధ్య ఊగుతూనే ఉన్నాయి. నిజానికి అన్నిటికంటే ముందు చూడవలసినది సిస్టమ్ లోపలి విలువలు చూపే సిస్‌సీటీఎల్‌లో ఈఎం0 మ్యాక్ గణాంకాల కింద ఉండే సీఆర్‌సీ దోషాల లెక్క, అంటే దారిలో చెడిపోయి సరిచూపులో తప్పిన ఫ్రేముల (డేటా పొట్లాల) లెక్క. నెట్‌స్టాట్ ఆదేశం చూపే ఇన్‌పుట్ దోషాల గడిలో అన్ని రకాలూ కలిసిపోతాయి, ఇక్కడ మాత్రం విడివిడిగా కనిపిస్తాయి. పది నిమిషాలకు 4,318 సీఆర్‌సీ దోషాలు వచ్చాయి, బఫరు చాలక జారిపోయిన ఫ్రేములు ఒక్కటీ లేవు. అంటే ఫ్రేములు డ్రైవరు చేతికి రాకముందే చెడుతున్నాయి. దాన్ని చూసిన తరువాత కూడా సాయంత్రం దాకా ఆఫ్‌లోడ్‌లతోనే కుస్తీ పట్టాను.

రెండో ఆదివారం పెన్‌డ్రైవు నుంచి లినక్స్ బూట్ చేస్తే అవే దోషాలు కనిపించాయి కనుక ఫ్రీబీఎస్‌డీ మీది అనుమానం తీరిపోయింది. అక్కడితో ఆగకుండా, వేగం తగ్గిస్తే ఏమవుతుందో చూద్దామని ఫ్రీబీఎస్‌డీలోకి తిరిగి వచ్చి కార్డును బలవంతంగా 100 మెగాబిట్ల ఫుల్ డ్యూప్లెక్స్‌లో (రెండు వైపులా ఒకేసారి పంపే పద్ధతి; హాఫ్ అంటే ఒకసారికి ఒక వైపే) పెట్టాను. రావలసింది 94, వచ్చింది 17. సీఆర్‌సీ దోషాలు ఇంకా పెరిగాయి. కార్డు 100కు కూడా పనికిరాదని తేల్చేసి గురువారం దాకా దాన్ని తిట్టుకున్నాను. జరిగింది వేరు. సెట్టింగులేమీ లేని మామూలు స్విచ్చు ఎప్పుడూ ఆటో నెగోషియేషన్‌నే (రెండు వైపులా వేగం, డ్యూప్లెక్స్ మాట్లాడుకుని కుదుర్చుకోవడం) ఆశిస్తుంది. ఇటు నుంచి జవాబు రాకపోతే, సిగ్నల్‌ను బట్టి వేగాన్ని పసిగట్టగలదు గానీ డ్యూప్లెక్స్‌ను కనిపెట్టలేక హాఫ్‌లోకి దిగిపోతుంది. ఇటు ఫుల్, అటు హాఫ్ అయితే స్విచ్చు ఢీ జరిగిందనుకుని మధ్యలో ఆపేసిన ఫ్రేములన్నీ మన వైపు సీఆర్‌సీ దోషాలుగా లెక్కకు వస్తాయి. గురువారం లినక్స్‌లో కార్డు సెట్టింగులు మార్చే ఎత్‌టూల్‌తో 100 ఫుల్‌ను మాత్రమే ప్రకటించేలా చేసి, నెగోషియేషన్‌ను దాని మానాన వదిలేస్తే 94.1 వచ్చింది, గంటకు 11 దోషాలే పడ్డాయి.

నిన్న సర్వరును మేడ మీది నుంచి కిందికి మోసుకొచ్చి, 2 మీటర్ల రెడీమేడ్ కేబుల్‌తో స్విచ్చుకు కలిపాను. 941 మెగాబిట్లు, దోషాలు సున్నా. ఇక మిగిలింది గోడలోని పైపు గుండా పోయే 19 మీటర్ల క్యాట్ 6 తీగ: రెండేసి మెలివేసిన నాలుగు జతలు, మొత్తం ఎనిమిది తీగలు. ఎల్ఈడీ టెస్టరు పెడితే ఒకటి నుంచి ఎనిమిది దాకా దీపాలన్నీ వరుసగా వెలిగాయి. రాగి పూసిన అల్యూమినియం తీగేమోనన్న భయంతో ఒక చివర జతలను కలిపి, రెండో చివర మల్టీమీటరు పెట్టాను. మీటరు తీగల నిరోధం పోగా నాలుగు జతలకూ 3.2 ఓమ్‌లకు అటూ ఇటూగా వచ్చింది. 38 మీటర్ల 24 గేజి రాగికి అంతే రావాలి, అల్యూమినియం అయితే 5 దగ్గరికి పోయేది.

చివరికి ఫోను టార్చి వేసి ప్లగ్‌ను చూశాను. తెల్ల నారింజ, నారింజ, తెల్ల ఆకుపచ్చ, ఆకుపచ్చ, తెల్ల నీలం, నీలం, తెల్ల గోధుమ, గోధుమ: జత పక్కన జత, చూడముచ్చటగా పేర్చి ఉన్నాయి. మేడ మీది ప్లగ్‌ను తీగ లాగిన ఎలక్ట్రీషియన్ కొట్టాడు, కింది ప్లగ్‌ను ఆ రంగుల వరుస చూసి తు.చ. తప్పకుండా నేను కొట్టాను. ప్రామాణికమైన టీ568బీ రంగుల వరుసలో మూడో పిన్నుకూ ఆరో పిన్నుకూ ఆకుపచ్చ జత, నాలుగుకూ ఐదుకూ నీలం జత రావాలి. మా ప్లగ్‌లలో మూడు-ఆరు సిగ్నల్ సగం ఆకుపచ్చ మెలికలోనూ సగం నీలం మెలికలోనూ పోతోంది, నాలుగు-ఐదు సిగ్నల్‌దీ అదే గతి (దీన్నే చీలిన జత అంటారు). సిగ్నల్ రెండు సగాలూ ఒకే మెలికలో పోతేనే మెలిక రొదను ఆపగలదు. రెండు చివరలా వరుస ఒకటే కనుక దీపాల టెస్టరుకు లోపమే కనిపించదు. 100 మెగాబిట్లకు ఒకటి-రెండు, మూడు-ఆరు జతలే చాలు, నాలుగు-ఐదు మీద సిగ్నలే ఉండదు కనుక రెండేళ్ళు గడిచిపోయింది. గిగాబిట్ నాలుగు జతల మీదా ఏకకాలంలో రెండు వైపులా నడుస్తుంది. ఒక జత రొద మరొక జతలోకి దూకితే దాన్ని కొట్టివేసే ఏర్పాటు చిప్‌లోనే ఉంది కాబట్టి లింక్ లేవగలిగింది గానీ, ఇంత రొదను కొట్టివేయడం దాని వల్ల కాలేదని నా ఊహ.

రెండు ప్లగ్‌లూ కోసి, మెలిక విప్పింది 13 మిల్లీమీటర్లు దాటకుండా మళ్ళీ కొట్టాను. 941, రాత్రంతా సున్నా.

ఇకపై తీగల కొసలు ముందుకు పొడుచుకు వచ్చే పాస్‌త్రూ ప్లగ్‌లే కొంటాను. ధర ఎక్కువే అయినా, నొక్కే ముందు రంగులను కళ్ళారా చూసుకోవచ్చు. దీపాల టెస్టరు మీద నమ్మకం పోయింది, చీలిన జతను పట్టే టెస్టరు కోసం వెతుకుతున్నాను. తీగ బాగుంది కనుక తరువాతి మజిలీ 2.5 గిగాబిట్‌లు: ఐ226 కార్డుకు ఫ్రీబీఎస్‌డీలో ఐజీసీ డ్రైవరు ఉంది, స్విచ్చు ధర మాత్రం ఇంకా చేదుగానే ఉంది. ఈలోగా గంటకొకసారి సీఆర్‌సీ లెక్కను ఒక ఫైలులో రాసి, పెరిగితే నాకు మెయిల్ పంపే ఐదు వరుసల స్క్రిప్టును, వేళకు పనులు నడిపే క్రాన్‌లో పెట్టాను.