"ఎంత వెడ్తవ్?" అని అడిగే ఊళ్లో ఒక చందా పుస్తకం

మా పక్క ఊరి కుర్రాడొకడు ఈసారి ఎంపీటీసీకి, అంటే మండల పరిషత్ సభ్యుడి పదవికి, నిలబడాలనుకుంటున్నాడు. పార్టీ టికెట్ రాదని తెలుసు, ఇండిపెండెంట్‌గానే. ఇంట్లో సంగతి చెప్పగానే వాళ్ల నాన్న అడిగిన మొదటి మాట "ఎంత వెడ్తవ్‌రా?" అట, అంటే ఎంత ఖర్చు పెడతావని. తర్వాత మేనమామ, దోస్తులు, కిరాణా కొట్టాయన అందరిదీ అదే ప్రశ్న. ఎందుకు నిలబడుతున్నావని ఒక్కరూ అడగలేదన్నా అని ఫోన్ చేసి బాధపడ్డాడు. అతనికి ఫోన్లో కొంత చెప్పాను. మిగతాది ఇక్కడ రాస్తున్నాను, ఇంకెవరికైనా పనికొస్తుందని.

నల్లగొండలో దుకాణాలకి జీఎస్టీ రిటర్నులు వేయడం నా పని. 2019 జనవరి పంచాయతీ ఎన్నికల్లో మా చిన్నమ్మ సర్పంచ్‌గా పోటీ చేసినప్పుడు ఆమె జమా ఖర్చులు రాసింది నేనే. సీటు మహిళలకి రిజర్వయింది. ఆమె అప్పటికే చాలా ఏళ్లుగా మహిళా సంఘాల్లో ఉంది, గ్రామ సంఘానికి అధ్యక్షురాలిగా చేసింది. చిన్నాన్నకి రెండెకరాల పొలం తప్ప ఏమీ లేదు. అది అమ్మితే గానీ ఎన్నిక చేయలేమని చిన్నాన్న అంటే, "భూమి అమ్మి సర్పంచ్ అయితే ఆ భూమి మళ్లా ఎవల దగ్గర గుంజుకోవాలె?" అంది చిన్నమ్మ. చందాల ఆలోచన అక్కడే పుట్టింది.

రూల్ ప్రకారం చూస్తే సర్పంచ్ ఎన్నిక పేదవాళ్లకి అందని విషయమేం కాదు. డిపాజిట్ జనరల్‌కి 2,000, ఎస్సీ, ఎస్టీ, బీసీలకి 1,000. జనాభా ఐదు వేల లోపు ఉంటే అభ్యర్థి లక్షన్నరకి మించి ఖర్చు చేయకూడదు, ఐదు వేలు దాటితే రెండున్నర లక్షలు. గెలిచినా ఓడినా 45 రోజుల్లో లెక్కలు మండల అభివృద్ధి అధికారికి (ఎంపీడీఓ) అప్పజెప్పాలి. ఇవ్వకపోతే మూడేళ్లు పోటీకి అనర్హత. ఊళ్లో జరిగే ఖర్చు దీనికి ఎన్ని రెట్లో ఊళ్లో ఉన్నవాళ్లకి నేను చెప్పనక్కర్లేదు. మందు, కోడి, చివరి రాత్రి పంచుడు, ఇవేవీ ఏ కాగితం మీదికీ రావు.

చిన్నమ్మ పెట్టిన షరతులు కొద్దే. ఒక్కొక్కరి దగ్గర వెయ్యికి మించి తీసుకోకూడదు. సంఘం పొదుపు డబ్బుల్లోంచి పైసా ముట్టకూడదు, అది ఎన్నికల డబ్బు కాదు. ప్రతి సాయంత్రం బొడ్రాయి దగ్గర ఆ రోజు వచ్చింది, పోయింది చదవాలి. సంఘం మీటింగుల్లో ఆడవాళ్లు ఏళ్ల తరబడి చేస్తున్న పనే ఇది. అప్పు ఎంత, వడ్డీ ఎంత, ఎవరు కట్టారు, ఎవరు కట్టలేదు అని పదిమంది ముందు చదివి వినిపించడం వాళ్లకి అలవాటు. మగవాళ్లే మొదట ఇబ్బంది పడ్డారు. ఎన్నికల ఖర్చు బయట చదవడమేంటి, అవతలోళ్లకి మన బలం తెలిసిపోదా అని.

పొడుగాటి లెడ్జర్ బుక్ ఒకటి కొన్నాను. తేదీ, పేరు, మొత్తం, చివర్లో "వస్తు రూపం" అని ఒక గడి. ఆ చివరి గడే తొందరగా నిండింది. ఆటో ఉన్నతను ఒక రోజు మైకు కట్టుకుని తిరుగుతానన్నాడు, డీజిల్ మాత్రం పోయించమన్నాడు. ఆ రోజు కిరాయి ఎంతవుతుందో అంత మొత్తం చందా కింద రాశాను. టెంట్ హౌసాయన కుర్చీలిచ్చాడు. బీడీలు చుట్టే ఆడవాళ్లు నలుగురు కలిసి ఒక వంద ఇచ్చి నాలుగు పేర్లూ రాయమన్నారు, తలా పాతిక. ఒకాయన సంచీడు ఉల్లిగడ్డలు తెచ్చాడు. ఉల్లిగడ్డల ధర ఆ రోజు మార్కెట్లో కనుక్కుని మరీ వేశాను. డబ్బు ఇవ్వకుండా వస్తువు ఇచ్చినా అది ఖర్చు కిందికే వస్తుంది, చాలామంది అభ్యర్థులు ఇది వదిలేస్తారు.

నన్ను ఇప్పటికీ ఆలోచింపజేసే మనిషి వేరే. చీకటి పడ్డాక వచ్చి రెండు వందల నోటు చేతిలో పెట్టి, "పేరు రాయకు బిడ్డా" అన్నాడు. కొడుక్కి ఇల్లు మంజూరు కావాల్సి ఉంది, ఆ పని అవతలి అభ్యర్థి మనుషుల చేతుల్లో ఉందని ఊరంతా నమ్ముతుంది. అతని పేరు బొడ్రాయి దగ్గర చదివితే ఏమవుతుందో అతనికి తెలుసు, మాకూ తెలుసు. లెక్కలు బయట పెట్టాలన్నది మా పట్టుదల, కానీ ఆ పట్టుదల ధర కట్టేది అతను. ఆ రాత్రి చిన్నమ్మ ఒక కొత్త నియమం చేర్చింది. రెండు వందలు, అంతకన్నా తక్కువ ఇస్తే పేరు ఇవ్వడం వాళ్ల ఇష్టం. దాటితే పేరు రాయాల్సిందే, చదవాల్సిందే.

ఐదేళ్ల తర్వాత, 2024 ఫిబ్రవరి 15న పేరు బయటపడకుండా పార్టీలకి చందా ఇచ్చే ఎలక్టోరల్ బాండ్లను సుప్రీంకోర్టు కొట్టేసినప్పుడు నాకు గుర్తొచ్చింది ఆ రెండు వందల నోటే. బాండ్లకి మద్దతుగా ప్రభుత్వం చెప్పిన కారణం కూడా ఇదే కదా: పేరు బయటపడితే చందా ఇచ్చినవాళ్ల మీద కక్ష కడతారని. మాట ఒకటే, మనుషులు వేరు. మార్చిలో ఎన్నికల సంఘం బయటపెట్టిన జాబితాలో అందరికన్నా ఎక్కువ కొన్నది ఫ్యూచర్ గేమింగ్ అనే లాటరీ కంపెనీ, 1,368 కోట్లు. రెండోది మన హైదరాబాద్‌లోని మేఘా ఇంజినీరింగ్, 966 కోట్లు. బాండ్ల విలువలో అత్యధిక భాగం కోటి రూపాయల బాండ్లే. ఇల్లు మంజూరు కాదేమోనని భయపడేవాడికి చాటు కావాలి. వేల కోట్ల కాంట్రాక్టులు చేసేవాడి చందా వెలుతురులో ఉండాలి. ఎవరి భావాలు వాళ్లవి అని చందాదారుడి గోప్యతని ఒప్పుకుంటూనే, ప్రతిఫలం కోసం ఇచ్చే పెద్ద మొత్తాలకి అది వర్తించదని కోర్టు కూడా అంది. మా చిన్నమ్మ గీత రెండు వందల దగ్గర గీసింది. పార్టీలు పేర్లు చెప్పాల్సిన గీత చట్టంలో ఇరవై వేల దగ్గర ఉంది. ఆ ఇరవై వేల కింద ఎంత పెద్ద డబ్బు చిన్న డబ్బు వేషంలో దాక్కుంటుందో లెక్కలు రాసేవాడిగా ఊహించగలను.

పెద్ద మొత్తాలు మా దగ్గరికీ రాకపోలేదు. ఊరి బయట కంకర క్రషర్ నడిపే ఆయన మనిషిని పంపాడు, లక్ష ఇస్తానని, ఏమీ అడగనని. చిన్నమ్మ వద్దంది. "లక్ష ఇచ్చినోడు ఇంటికొస్తే కుర్చీ వెయ్యాలె. నూరిచ్చినోడు వస్తే జవాబు చెప్పాలె. నాకు జవాబు చెప్పుడే అల్కగ ఉంటది" అంది. ఇంకొకటి డాలస్ నుంచి. మా బంధువుల అబ్బాయి, ప్రేమతోనే, ఐదు వందల డాలర్లు పంపుతానన్నాడు. అతనికి అమెరికా పౌరసత్వం వచ్చేసింది. ఇండియా పాస్‌పోర్టు ఉన్నవాళ్లు అక్కడి సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కాదు. పాస్‌పోర్టు మారితే మాత్రం, ఊరివాడైనా విదేశీ దాతే. విదేశీ విరాళాల చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) ప్రకారం చట్టసభల ఎన్నికల అభ్యర్థి అలాంటి డబ్బు తీసుకోకూడదు, మేమూ వద్దన్నాం. మన ఊళ్ల నుంచి ఇంతమంది అమెరికాలో ఉన్నారు, ఈ సంగతి తెలిసినవాళ్లు తక్కువ. అతను ఊళ్లో ఉన్న దోస్తులకి ఫోన్లు చేసి ఓట్లడిగాడు. అది డబ్బు కన్నా ఎక్కువే పనిచేసింది.

గుర్తు కత్తెర వచ్చింది. కరపత్రాలు, మైకు, డీజిల్, పోలింగ్ ఏజెంట్ల టిఫిన్లు, జిరాక్సులు అన్నీ కలిపి యాభై వేల చిల్లర. పుస్తకంలో మూడు వందలకి పైగా పేర్లు.

పోలింగ్ ముందు రాత్రి జరగాల్సింది జరిగింది. ఓటుకి వెయ్యి అన్నారు, కొన్ని ఇళ్లలో పదిహేను వందలన్నారు. మాకు చందా ఇచ్చినవాళ్లలో కూడా తీసుకున్నవాళ్లున్నారు. ఒకామె మర్నాడు పొద్దున లైన్లో నిలబడే చెప్పింది: "తీస్కోకపోతే నీ దిక్కున్నమని తెల్సిపోతది చిన్నమ్మా. తీస్కున్నం, ఓటు నీకే." ఓటరు అమ్ముడుపోయాడని టౌన్లో కూర్చుని రాసేవాళ్లంటే నాకు కోపం అందుకే. వద్దనడం కూడా ఖర్చుతో కూడిన పనే. ఆ ఖర్చు భరించే స్తోమత అందరికీ ఉండదు. ఒంటి గంటకి పోలింగ్ అయిపోయింది, రెండింటికి లెక్కింపు మొదలైంది. తొంభై చిల్లర ఓట్లతో ఓడిపోయాం. అయితే వచ్చిన ఓట్లు ఎనిమిది వందల పైచిలుకు. పుస్తకంలో ఉన్న పేర్లకి రెట్టింపు కన్నా ఎక్కువ. పాతిక రూపాయలిచ్చిన మనిషి తన ఇంట్లో, పక్కింట్లో ఓట్లు అడుగుతుంది, తన డబ్బు అందులో ఉంది కనుక. మందు పోయించుకున్న మనిషి ఆ పని చేయడు.

చందాలేసుకుని ఎన్నికల్లోకి దిగడం మా జిల్లాకి కొత్త కూడా కాదు. 1996లో ఫ్లోరైడ్ నీళ్లతో నడుములు వంగిపోయిన మనుషుల కోసం జలసాధన సమితి పిలుపునిస్తే నల్లగొండ లోక్‌సభ సీటుకి 480 మంది బరిలో మిగిలారు. బ్యాలెట్ పేపరు పుస్తకమంత అయింది, ఎన్నిక వాయిదా పడింది. అప్పటికి డిపాజిట్ 500. ఆ ఏడాదే దాన్ని పదివేలు చేశారు, తర్వాత పాతిక వేలైంది. అయినా 2019లో నిజామాబాద్‌లో పసుపు, ఎర్రజొన్న రైతులు 178 మంది ఆ పాతిక వేలు కట్టి నిలబడ్డారు. మొత్తం అభ్యర్థులు 185. గెలుస్తామని కట్టిన డబ్బు కాదది. మా మాట వినండని చెప్పడానికి కట్టింది. డిపాజిట్ పెంచితే సరదా అభ్యర్థులు తగ్గుతారని చెప్తారు. నా దృష్టిలో అది పేదవాడి గొంతుకి వేసిన టోల్ గేటు.

మా ఊళ్లో గెలిచినామె మీద నాకు ద్వేషం లేదు. చాలా ఊళ్లలో 2019లో గెలిచినవాళ్లు అప్పులతో గెలిచారు, తర్వాత పనులకి మళ్లీ అప్పులు తెచ్చారు. 2024 ఫిబ్రవరిలో పదవీకాలం అయిపోయాక పెండింగ్ బిల్లుల కోసం మాజీ సర్పంచులు రోడ్లెక్కారు. అప్పు చేసి కుర్చీ ఎక్కినవాడికి ఊరి పని కనపడేలోపు వడ్డీ కనపడుతుంది. మా చిన్నమ్మకి ఓడిపోయాక ఒక్క రూపాయి బాకీ లేదు. మిగిలిన నాలుగు వేల చిల్లర ఏం చేద్దామని బొడ్రాయి దగ్గరే అడిగింది. స్కూల్లో మంచినీళ్ల ట్యాంకుకి మూత, నల్లాలు పెట్టించమన్నారు. ఆ రసీదులు కూడా పుస్తకంలో అంటించి ఉన్నాయి. ఆ తర్వాత రెండు మూడేళ్లు జనం పింఛన్ కాగితాలు పట్టుకుని ఆమె ఇంటికే వచ్చేవాళ్లు. మా డబ్బు తీసుకున్నావు కదా, పని చేసిపెట్టు అని దర్జాగా అడిగేవాళ్లు. ఆమె తీసుకెళ్లి చేయించేది.

కాబట్టి తమ్మీ, నీకు నేను చెప్పేది ఇదీ. ఎంపీటీసీకి పరిమితి లక్షన్నర, నీకు అందులో సగం చాలు. నామినేషన్‌కి ముందే ఎన్నికల ఖర్చుకని వేరే బ్యాంకు ఖాతా తెరువు. ఫోన్‌పే క్యూఆర్ దానికే పెట్టు, నీ సొంత ఖాతాకి పెట్టకు. ఇచ్చే మొత్తానికి పైన ఒక గీత పెట్టుకో, పేరు చెప్పక్కర్లేని గీత కింద ఒకటి పెట్టుకో, రెండూ మొదటి రోజే మైకులో చెప్పు. మీ నాన్న మళ్లీ "ఎంత వెడ్తవ్" అంటే, ఆయన్నే మొదటి చందా రాయమను. చిన్నమ్మ మీ ఊరొచ్చి మాట్లాడతానంది. లెడ్జర్ బుక్ నేను తెస్తాను.