ఒకే నెట్ కనెక్షన్, రెండు కంప్యూటర్లు: మేడ మీదికి వైరు లాగిన అనుభవం

గుంటూరు బ్రాడీపేటలో రెండంతస్తుల ఇల్లు. ఫైబర్ డబ్బా కింద హాల్లో, రెండో కంప్యూటర్ మేడ మీద గదిలో. స్లాబు దాటి వైఫై సరిగా రాదు. అలాగని ఇంకో కనెక్షన్ తీసుకోవడం దండగ. డబ్బా వెనక నాలుగు లాన్ పోర్టులున్నాయి (ఇంట్లోని కంప్యూటర్లకు వైరు గుచ్చే రంధ్రాలు), మూడు ఖాళీ. కొన్ని డబ్బాల్లో ఒక్క పోర్టే గిగాబిట్ (1000 ఎంబీపీఎస్ వేగం), మిగతావి 100 ఎంబీపీఎస్. పక్కన రాసి ఉంటుంది, చూసుకోవాలి.

25 మీటర్ల క్యాట్ 6 రకం నెట్‌వర్క్ వైరు తెచ్చాను. సీసీఏ అని ఉన్నది చవగ్గా వస్తుంది కానీ వద్దు. అది రాగి పూత పూసిన అల్యూమినియం. బ్లేడుతో గీకితే లోపల తెల్లగా కనిపిస్తుంది, రెండుసార్లు వంచితే పుటుక్కుమంటుంది. మన ఎండలకు పై తొడుగు పగలకుండా బయటి గోడమీద పీవీసీ పైపులో వేశాను. కరెంటు వైర్లున్న పైపులో మాత్రం దూర్చకూడదు.

ఇబ్బందంతా క్రింపింగ్ (వైరు చివర ప్లగ్గు బిగించడం) దగ్గరే. ప్లగ్గు మూతి అవతలికి, క్లిప్పు కిందికి ఉండేలా పట్టుకుంటే ఎడమ నుంచి వరుస ఇది: తెలుపు-నారింజ, నారింజ, తెలుపు-ఆకుపచ్చ, నీలం, తెలుపు-నీలం, ఆకుపచ్చ, తెలుపు-గోధుమ, గోధుమ. రెండు చివర్లా ఇదే. తీగల్ని అరంగుళానికి సమంగా కత్తిరించి తోశాక మూతివైపు నుంచి చూస్తే ఎనిమిది రాగి చుక్కలూ కనబడాలి. బయటి తొడుగు కూడా ప్లగ్గులోకి కొంచెం వెళ్లాలి, లేకపోతే లాగినప్పుడు భారమంతా సన్న తీగల మీదే పడుతుంది.

మొదటిసారి నెట్ వచ్చింది కానీ విండోస్‌లో లింక్ స్పీడు 1000 బదులు 100 చూపించింది. గోధుమ తీగ చివరిదాకా అందలేదు. గిగాబిట్‌కు ఎనిమిది తీగలూ కావాలి, 100కి పై వరుసలో 1, 2, 3, 6 తీగలు చాలు. అందుకే ఇలాంటి తప్పు దొరకదు. నెట్ ప్లాను 100 అయితే తేడా అసలు తెలీదు, రెండు కంప్యూటర్ల మధ్య పెద్ద ఫైళ్లు పంపుకున్నప్పుడే బయటపడుతుంది. ఆ ప్లగ్గు కోసి పారేసి కొత్తది వేశాను.

పైన ఫోన్లకూ పనికొస్తుందని పాత రౌటర్ పెట్టాను. వైరు కలపకముందే దాని నెట్‌వర్క్ అడ్రసు 192.168.1.2కి మార్చి (కింది డబ్బాది 192.168.1.1), డీహెచ్‌సీపీ (కంప్యూటర్లకు, ఫోన్లకు అడ్రసులు పంచే పని) ఆపేయాలి. ఆ తర్వాత వైరును వ్యాన్ పోర్టులో (బయటి నుంచి నెట్ వచ్చే రంధ్రం) కాదు, లాన్ పోర్టులో గుచ్చాలి. ఈ మార్పులేవీ చేయకుండా వ్యాన్‌లో పెట్టినా నెట్ రావచ్చు, కానీ పైన ఉన్నవి వేరే నెట్‌వర్క్ అయిపోయి కింది కంప్యూటర్ నుంచి పై ప్రింటర్ కనబడదు. డీహెచ్‌సీపీ ఆపడం మరిచిపోతే ఒక్కోసారి కంప్యూటర్‌కు గేట్‌వేగా (నెట్‌లోకి వెళ్లే దారి) పాత రౌటర్ అడ్రసే అంటుకుంటుంది, కనెక్టెడ్ అని ఉంటుంది, పేజీ తెరుచుకోదు. కంప్యూటర్ అడ్రసు 169.254తో మొదలైతే మాత్రం అసలు అడ్రసే అందలేదని లెక్క, ముందు వైరు చూడాలి.

కరెంటు పోతే కింది డబ్బాకొక్కదానికే ఇన్వర్టర్ ఇస్తే చాలదు. పై రౌటర్‌ ప్లగ్గునూ ఆ లైన్లోకే మార్చుకోవాలి.